దీర్ఘం తీసిన ఊరు

ఈ నాలుగు పుటలు రాయడానికి కారణం ఆయన మీద గౌరవం కాదు. ఈ మాట మొదటే చెప్పడం మర్యాద. పోయినవారి గురించి మంచే రాయాలన్న నియమం ఒకటి ఉంది. పాటించగలిగినవారు పాటించవచ్చు, నేను పాటించలేను. నా సంపాదకత్వంలో, నా పేరు కింద, గోదావరి ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరి పేరు గురించి ఒక అబద్ధపు వాక్యం వెలువడింది. ఆ వాక్యాన్ని చెప్పి నాచేత రాయించిన మనిషి ఈ మధ్య మరణించారు. అది ఎలా పుట్టిన అబద్ధమో తెలిసినవాళ్ళం చాలాకాలం ముగ్గురమే ఉండేవాళ్ళం. ఆ ముగ్గురిలో ఇప్పుడు ఇద్దరమే మిగిలాం. నాకు డెబ్బై రెండేళ్ళు. నేను పోయిన తరువాత కూడా ఆ వాక్యం అలాగే నిలిచిపోతుందన్న భయం కొద్దీ ఇది రాస్తున్నాను.

ఊరు యానాం. గౌతమీ పాయ ఒడ్డున, చుట్టూ తెలుగు జిల్లాలు ఉండగా, తాను మాత్రం చాలాకాలం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఊరు. వాళ్ళు వెళ్ళిపోయే నాటికి అక్కడి బడిలో ఉన్న పిల్లలకు ఫ్రెంచి చదువు అబ్బింది. ఆ పిల్లల్లో ఒకరు పెద్దవారై, ముసలివారై, అమీర్‌పేటలో మా పక్క గదిలో తేలారు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా ఒక ప్రభుత్వ ప్రచురణ కార్యాలయంలో పాఠ్యపుస్తకాల భాష పరిశీలించి పదవీ విరమణ చేసినవాణ్ణి. కంప్యూటర్ల హడావుడి అమీర్‌పేటను ముంచెత్తిన రోజులవి. మెట్ల గోడల మీద, కరెంటు స్తంభాల మీద, చివరికి కొబ్బరిబొండాల బండి మీద కూడా జావా నేర్పుతామన్న కాగితాలే అంటించి ఉండేవి. ఆ రద్దీలో ఒక యువకుడు తెలుగు పిల్లల కోసం సీడీ రూపంలో విజ్ఞానకోశం తయారు చేయాలని పూనుకొని, భాష చూడటానికి నన్ను పిలిచాడు. ఊళ్ళ పేర్ల విభాగం నాకు అప్పగించాడు. శ్రీనగర్ కాలనీ నుంచి రోజూ నడిచి వచ్చి, మూడో అంతస్తు ఎక్కి, తొమ్మిదిన్నరకు నా బల్ల ముందు కూర్చొనేవాణ్ణి.

మా గదికీ ఆయన గదికీ మధ్య ప్లైవుడ్ పలక ఒక్కటే అడ్డు. అటువైపు ఆయన ఫ్రెంచి నేర్పేవారు. అందరూ ఆయనను ఫ్రెంచ్ సార్ అనేవారు. కెనడా వెళ్ళాలనుకొనేవారూ, బేగంపేట ఆఫీసుల్లో ఫ్రెంచి ఉత్తరాలు చదివే ఉద్యోగాలు ఆశించేవారూ ఆయన విద్యార్థులు. నలభై అయిదు రోజులకొక బ్యాచి. ఫ్రెంచి 'ర' నాలుకతో పలికేది కాదట, గొంతులో పుట్టేదట. అందుకని ప్రతి బ్యాచికీ మొదటి పాఠం పుక్కిలింత. ఇంజనీరింగ్ పట్టభద్రులు వరసగా నిలబడి, తలలు పైకెత్తి, నోట నీళ్ళు పోసుకొని ఒక్కసారిగా గరగరలాడించేవారు. "మింగకండి, ఉమ్మకండి, అలాగే మాట్టాడండి" అని ఆయన కేక. ఇటువైపు నేను ఏలేశ్వరమో ఎల్లారెడ్డో దిద్దుతూ ఉండేవాణ్ణి. పాఠం ముగిసేసరికి వరండా అంతా తడి. ఒకసారి జారి గోడ పట్టుకొన్నాను. ఆయన చూసి, "మీరూ పుక్కిలిత్తారేంటండి" అన్నారు.

ఆయన రూపం మరచిపోవడానికి ప్రయత్నించాను గాని సాధ్యం కాలేదు. బక్కమనిషి. గొంతు దాకా బొత్తాలు పెట్టిన తెల్లచొక్కా, మడమలకు అందని ప్యాంటు, వడ్రంగి పెన్సిలు పెట్టుకొన్నట్టు కుడిచెవి మీద సుద్దముక్క. కుర్చీ ఉండగా కుర్చీలో కూర్చొనగా నేను చూడలేదు. ఎవరి బల్ల ఖాళీగా ఉంటే దాని అంచు మీద ఎక్కి, కాళ్ళు ఊపుతూ మాట్లాడేవారు. ఆ బల్ల మీది కాగితాలకు సుద్దపొడి అంటేది. ఉస్మానియా బిస్కెట్టు జేబులో వేసుకొని తెచ్చుకొనేవారు. టీ మాత్రం తెచ్చుకొనేవారు కాదు, ఎదుటివారి టీలో ముంచేవారు. ఒక ఉదయం నా టీలో ముంచారు. నేను కప్పు ఆయనవైపు జరిపేశాను. "వద్దాండి?" అని, నా వంక ఒకసారి చూసి, తాగేశారు.

ఇవన్నీ అలవాట్లు. వీటితోనే అయితే ఈ వ్యాసం అవసరపడేది కాదు.

ఒకరోజు పలక అవతల ఒక విద్యార్థి అడిగాడు: "సార్, మీ ఊరికి గా పేరెట్ల వచ్చింది?"

నేను కలం ఆపాను. ఊళ్ళ పేర్లే నా పని కదా.

"ఫ్రెంచి దొర ఓడ దిగాడండి," అని ఆయన మొదలుపెట్టారు. విద్యార్థులను కూడా అండీ అనే పిలిచేవారు. "ఒడ్డున సరంగొకడు పడవ కట్టుకొంటన్నాడు. ఈ ఊరి పేరేంటని దొర ఆళ్ళ భాషలో అడిగాడు. ఈడికేం తెలుత్తదండి? 'ఏవన్నావ్?' అన్నాడు. దొర పుస్తకం తీసి రాసేసుకున్నాడు, యనఓఁ అని. అదండి మా ఊరు."

గదంతా నవ్వు. నేనూ ఒక కాగితం మీద రాసుకొన్నాను.

తరువాతి బ్యాచిలో ఇదే ప్రశ్నకు జవాబు వేరు. పూర్వం ఒక నవాబు ఆ నేలను ఫ్రెంచివారికి ఇనాంగా ఇచ్చాడట, ఇనాం కాస్తా యానాం అయిందట. "అంటే మన మాటనే గద సార్. మస్తుంది," అన్నాడొక పిల్లవాడు. "మరేనండి, మీదేనండి," అన్నారాయన. ఆ తరువాతి బ్యాచిలో ఆడపిల్లలు ఎక్కువ. వాళ్ళకు ఒక ఓడ కప్తాను కూతురు కథ చెప్పారు. ఆ పిల్ల పేరు యాన్ అట. జ్వరం వచ్చి పోతే ఏటిగట్టున పాతిపెట్టి, ఆమె పేరే ఊరికి పెట్టారట. ఇద్దరమ్మాయిలు కళ్ళు తుడుచుకొంటూ మెట్లు దిగడం నేను చూశాను.

మూడు కథలూ తేదీలతో రాసి పెట్టుకొని, ఒక మధ్యాహ్నం ఆయన గదిలోకి వెళ్ళాను. ఈ మూడింటిలో ఏది నిజమని అడిగాను.

ఆయన నా కాగితం శ్రద్ధగా చదివారు. "బాగా రాసుకొన్నారండి," అన్నారు.

"నేను అడిగింది అది కాదు. నిన్న చెప్పినదానికీ ఇవాళ చెప్పినదానికీ పొంతన లేదు."

"నిన్నటోళ్ళు వేరే బ్యాచండి," అన్నారాయన, అది సమాధానమైనట్టు.

ఆయన చెప్పినవన్నీ అబద్ధాలైతే నా పని తేలికయ్యేది. అలా కాదు. బ్రిటిషువారి వైపు చిన్నపిల్లల పెళ్ళిళ్ళు నిషేధించిన కాలంలో, చుట్టుపక్కల కుటుంబాలు పిల్లలను తీసుకొని యానాం వచ్చి పెళ్ళి చేసుకొని పోయేవారని ఆయన చెప్పేవారు. "ముహూర్తాల రోజున మా ఊళ్ళో ఈదికో పందిరండి. పెళ్ళికొడుకు నిద్దరోతంటే ఎత్తుకొని తాళి కట్టించేవోరు," అనేవారు. ఇదీ కట్టుకథే అనుకొన్నాను. పాత పత్రికలు తిరగవేస్తే, పెళ్ళిళ్ళకు యానాం వెళ్ళడం నిజమేనని తేలింది. నిజాన్నీ, అప్పటికప్పుడు అల్లినదాన్నీ ఒకే గొంతుతో, ఒకే నవ్వుతో చెప్పడం ఆయన పద్ధతి. వినేవాడు ఏది ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడిపోతాడు. బోధకుడు చేయగల ద్రోహాల్లో ఇంతకంటే పెద్దది నాకు కనిపించదు.

విజ్ఞానకోశంలో యానాం వంతు వచ్చింది. మా యజమాని కరీంనగర్ వైపు మనిషి, తొందర మనిషి. "సార్, ఊరికి ఎనభై మాటలు. పేరెట్ల వచ్చింది, ఏం పండుతది, ఏం జూడాలె, ఖతం. పక్కన ఫ్రెంచ్ సార్ ఉన్నడు గద, ఆయనతోని రాయించుండ్రి," అన్నాడు. నాకు ఇష్టం లేదు. అయినా ఆ ఊరి మనిషి పక్కనే ఉండగా వేరెవరినో వెదకడం క్రమం కాదు. అడిగాను.

రెండు రోజులకు ఒక చిన్న కాగితం తెచ్చి ఇచ్చారు. అందులో ఉన్నది ఇంతే: యానాం. గోదావరి ఒడ్డున ఉంది. ఫ్రెంచివారు యనఓఁ అనేవారు. ఈ పేరు ఎలా వచ్చిందో తెలియదు.

"ఇదేమిటి?" అన్నాను.

"మా ఊరండి."

"పేరు గురించి మూడు కథలు చెప్పారు. ఇక్కడ తెలియదని రాశారు."

"అది కబుర్లండి. ఇది పుస్తకం కదండీ."

ఈ మాట నేను ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆనాడు దాన్ని నేను వినిపించుకోలేదు. విజ్ఞానకోశంలో తెలియదు అన్న మాట ఉండరాదని, తెలియకపోతే తెలుసుకొని రాయాలని చెప్పాను. ఎర్రసిరా కలం తీశాను. యానమంటే ప్రయాణం. జలయానం, నౌకాయానం అందరికీ తెలిసిన మాటలే. నది మీద రాకపోకలు సాగిన రేవు కనుక యానమన్న పేరు వచ్చి ఉంటుంది, జనం నోట సాగి యానాం అయి ఉంటుంది. ఇది నా నిర్ణయం. 'నా' మీది దీర్ఘం కొట్టివేసి, 'యానం' అని దిద్దాను.

ఆయన బల్ల అంచు మీదనుంచి దిగారు. ఆయన నిలబడి నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

"మా ఊరి దీర్ఘం తీసేశారేంటండి."

"యానాం అన్న మాట ఏ నిఘంటువులోనూ లేదు."

"నిఘంటువులో లేకపోతే మా ఊరు లేదాండి?"

"ఊరు ఉంది. పేరు చెడిపోయింది."

ఆయన నా ఎర్రకలం అందుకొని, నా కాగితం మీదనే ఇంగ్లీషు అక్షరాలు రాశారు. "చూడండి. ఫ్రెంచోళ్ళు ఏ రాసి, దాని పక్కనే ఓ రాశారు. మావోళ్ళు యానాఁవ్ అని ముక్కుతో సాగదీత్తారు కదా, అది ఇని రాసుకున్నారండి. పొట్టిగా యానం అంటే ఇన్నచ్చరాలు దేనికండి? దీర్ఘం ఉండబట్టే కదా."

"నోటిమాట ఆధారం కాదు," అన్నాను. "కాగితం చూపించండి. లేకపోతే నేను దిద్దినదే అచ్చవుతుంది."

"కాగితమే కావాలాండి?"

"కాగితమే కావాలి."

మూడో రోజున తెచ్చారు. ప్లాస్టిక్ కవరులో పెట్టిన పాత కాగితం. గోధుమరంగుకు తిరిగింది, మడతల దగ్గర చిరిగింది. గుండ్రని సీలు, ఊదారంగు సంతకం, మధ్యలో చేతిరాత. ఫ్రెంచి ప్రభుత్వపు కాగితమని చూడగానే తెలుస్తుంది. నాకు ఫ్రెంచి రాదు. ఆయన వరస మీద వేలు పెట్టి, ఆగి ఆగి తెలుగు చేసి చెప్పారు: "ఈ రేవు గుండా సాగు నదీయానమును బట్టి ఈ స్థలమునకు యానమని నామము కలిగినది." చివర అట్టడుగున ఒక మాట మీద వేలు చాలాసేపు ఉంచి, "ఇది ఊరి పేరండి," అన్నారు. నేను సీలు చూస్తున్నాను. ఫ్రెంచి గుమాస్తా వాక్యం ఇంత చక్కగా ఉన్నందుకు సంతోషించాను. అది నా వాక్యనిర్మాణమేనని, నెలల తరబడి పలక అవతలనుంచి ఆయన వింటున్నది నా గొంతేనని నాకు తోచలేదు. కాగితానికి జిరాక్సు తీయించి, సంఖ్య వేసి, ఫైలులో పెట్టాను. సీడీలో ఇలా వచ్చింది: "ఫ్రెంచి దస్తావేజుల ప్రకారం, ఈ రేవు గుండా సాగే నదీయానాన్ని బట్టి ఈ ఊరికి యానం అన్న పేరు వచ్చింది. వాడుకలో యానాం అంటారు." కింద సంపాదకుడిగా నా పేరు.

సీడీ విడుదలైన మర్నాడు మెట్ల మీద ఎదురయ్యారు. చేతులు జోడించి, "నమస్కరమండి మస్టరు గరు. బగున్నర?" అన్నారు.

మొదట అర్థం కాలేదు. పళ్ళు పోయాయేమో అనుకొన్నాను.

"టి తగుదమ?" అన్నారు.

అప్పుడు అర్థమైంది. ఆనాటినుంచి ఆ పక్క గదిలో ఉన్నంతకాలం ఆయన నాతో ఒక్క దీర్ఘం పలకలేదు. ఎదురుగా ఎవరున్నా సరే, గది నిండా విద్యార్థులున్నా సరే, నన్ను చూడగానే గొంతు మారేది. "మస్టరు గరికి కుర్చి వెయ్యండి, ఒక బిస్కెట్టు ఇవ్వండి." పిల్లలు పుస్తకాలు ముఖాలకు అడ్డం పెట్టుకొనేవారు. భాషలో క్రమం కోసం జీవితమంతా పనిచేసిన మనిషికి ఇంతకంటే నేర్పుగా అవమానం చేయడం కష్టం. ఆ నేర్పును నేను ఒప్పుకొంటాను. మెచ్చుకోను.

రెండేళ్ళ తరువాత రెండో కూర్పు తలపెట్టారు. ఆ దస్తావేజు మొత్తం అనువదించి అనుబంధంగా ఇస్తే బాగుంటుందని నాకు అనిపించింది. ఆయనను అడిగే ప్రసక్తి లేదు. మా కాలనీలోనే రెండు వీధుల అవతల నా పాత సహోద్యోగి కూతురు ఉండేది. ఆయన దగ్గరే ఫ్రెంచి నేర్చుకొని, బేగంపేటలో ఒక కంపెనీలో ఫ్రెంచి ఉత్తరాలకు జవాబులు రాసేది. ఆదివారం పిలిపించి, వరండాలో కూర్చోబెట్టి, జిరాక్సు కాగితం చేతికిచ్చాను.

ఆ పిల్ల పై నుంచి కింది దాకా చదివింది. మళ్ళీ చదివింది.

"మాస్టారూ, ఇది మీకెవరిచ్చారండి?"

"ఎవరిస్తే ఏం? తెలుగు చెప్పమ్మా."

"ఇది టీకా కాగితమండి."

"ఏ కాగితం?"

"మశూచి టీకా. 'ఈ కుర్రవాడికి టీకా వేశాము, తరువాత చూశాము, పొక్కు బాగా లేచింది, బడిలో చేర్చుకోవచ్చు,' అని ఉంది. కింద డాక్టరు సంతకం."

"నదీయానం అన్న మాట ఎక్కడుంది?"

"లేదండి."

"యానమన్న సంస్కృతం మాట?"

"ఏంటి మాస్టారూ, టీకా కాగితంలో సంస్కృతం ఎందుకుంటుందండి?" అని, నా ముఖం చూసి ఆగిపోయింది. "ఊరి పేరు మాత్రం కింద ఒక్కచోట ఉంది. వై, ఏ, ఎన్, ఏ, ఓ, ఎన్. కుర్రవాడి పేరు..." అని మళ్ళీ ఆగింది. "మా సారు పేరేనండి."

ఆ పిల్ల నవ్వకుండా ఉండటానికి ఎంత శ్రమపడిందో చూశాను. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దన్నాను. నాకు తెలిసినంతవరకు చెప్పలేదు.

మర్నాడు యజమానిని కలిసి, సవరణ పత్రం అచ్చువేసి సీడీలు కొన్న బడులన్నిటికీ పంపించమన్నాను. "సార్, సీడీలు ఎన్నడో పోయినయ్. ఒక్క అక్షరం కొరకు ఎవడు వాపస్ తెస్తడు? రెండో దాంట్ల సరిచేద్దాం, ఫికర్ చేయకుండ్రి," అన్నాడు. రెండో కూర్పు రాలేదు. కొన్ని నెలలకే అతడు కంపెనీ మూసి వేరే వ్యాపారంలోకి పోయాడు.

ఆయనను మాత్రం వదలలేదు. అప్పటికి ఆయన తరగతులు పంజాగుట్టకు మారాయి. చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో ఉంటారని తెలిసి వెళ్ళాను. చెవి మీద సుద్దముక్కతోనే ఉన్నారు. కాగితం బల్ల మీద పెట్టాను.

"చదివించారా?" అన్నారు. దీర్ఘం పలికారు. "ఇన్నాళ్ళు పట్టిందేంటండి? నేను వారంలో వత్తారనుకొన్నాను."

"ఇది మోసం."

"కాగితం మోసం కాదండి. పొక్కు నిజంగానే లేచింది. చూత్తారా?" అని చొక్కా చేయి భుజం దాకా పైకి లాగారు. రూపాయి బిళ్ళంత మచ్చ. పక్క బల్లలవాళ్ళు చూస్తున్నారు.

"చెయ్యి దించండి," అన్నాను. "ఎందుకు చేశారో చెప్పండి."

"తెలియదని రాసిచ్చానండి. పనికిరాదన్నారు. దీర్ఘం ఎందుకో చెప్పాను. కాగితం తెమ్మన్నారు. మా ఊరి పేరున్న కాగితం నా దగ్గర అదొక్కటే ఉందండి. తెచ్చాను. ఊరి పేరు మీద వేలు పెట్టి మరీ చూపించాను. ఏ పక్కన ఓ ఎందుకుందని ఇప్పుడన్నా అడుగుతారేమో అనుకొన్నాను. మీరు సీలు చూత్తన్నారు."

"చదివింది అబద్ధం కదా."

"చదివింది అబద్ధమే. మీకేం కావాలో తెలిసిపోయింది కదండీ, అదే చదివాను. ఆ పిల్లలకీ అంతే కదా, ఎవరికి ఏది నచ్చుద్దో అదే చెప్పాను. మీరూ ఒక బ్యాచండి."

ఇదంతా రాసి సంతకం పెట్టి ఇమ్మని అడిగాను. ఆయన నా టీ వంక చూసి, బిస్కెట్టు జేబులోనే ఉంచుకొన్నారు.

"రాత్తే మళ్ళీ దిద్దుతారు కదండీ," అన్నారు.

ఇది చదివేవారిలో కొందరికి ఆయన మీద ఇష్టం కలుగుతుందని నాకు తెలుసు. మాటకారులకు ఆ లాభం ఎప్పుడూ ఉంటుంది. అందుకే నా వాదం స్పష్టంగా చెప్పాలి. తెలియని చోట తెలియదని రాయనివ్వకపోవడం నా తప్పు. చదవరాని కాగితాన్ని సీలు చూసి నమ్మడం నా తప్పు. దీర్ఘం కొట్టివేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఈ మూడింటికీ నాకు సాకులు లేవు. కాని ఆయన నా మీద కోపం నా మీద చూపవలసింది. నా ముఖం మీద తలుపు వేయవలసింది, యజమానితో చెప్పి నన్ను మాన్పించవలసింది. అలా చేయకుండా పిల్లలు చదివే పుటను వాడుకొన్నారు. నన్ను ఓడించడానికి తన ఊరి పేరునే తప్పుగా అచ్చు వేయించారు. నిజం చేతిలో ఉండి, నవ్వు కోసం దాన్ని దాచుకొన్నవాణ్ణి నేను క్షమించలేదు.

ఆ తరువాత ఆయనతో నేను మాట్లాడలేదు. ఒకటి రెండు సార్లు సోమాజిగూడలో రోడ్డుకు అవతలనుంచి "మస్టరు గరు" అన్న కేక వినిపించింది. తల తిప్పలేదు.

పోయిన నెల కళ్ళజోడు బాగుచేయించడానికి అమీర్‌పేట వెళ్ళాను. ఒక సందు మొదట్లో, ఆడపిల్లల హాస్టల్ ప్రకటనకూ కోచింగ్ ప్రకటనకూ మధ్య, ఆయన బొమ్మతో ఫ్లెక్సీ కట్టి ఉంది. పూర్వ విద్యార్థులు పెట్టించారు. 'మా ఫ్రెంచ్ సార్‌కు అశ్రునివాళి' అని పైన. పుట్టిన తేదీ, పోయిన తేదీ. దాని కింద, పెద్ద ఎర్ర అక్షరాలతో: జన్మస్థలం యానం.

దారికి అడ్డంగా నిలబడి మళ్ళీ చదివాను. ఎవరో "పెద్దాయనా, జర పక్కకు జరుగు," అన్నారు. ఫ్లెక్సీ మూలలో తయారు చేసిన దుకాణం పేరుంది, అదే సందు చివర. వెళ్ళాను. కంప్యూటర్ ముందు కూర్చొన్న యజమాని ముప్పై ఏళ్ళవాడు.

"బాబూ, ఆ ఫ్లెక్సీలో ఊరి పేరు తప్పు పడింది. 'న' కాదు, 'నా'."

"గట్ల ఎట్లయితది పెద్దసార్? పోరగాళ్ళు దీర్ఘం పెట్టే ఇచ్చిండ్రు. నేనే తీసిన. డౌటొచ్చి నెట్ల జూసిన," అని కంప్యూటర్ నావైపు తిప్పాడు. "సూడుండ్రి, వాడుకల యానాం అంటరంట, అసలు పేరు యానం. ఫ్రెంచోళ్ళ కాగితాలల్ల సుత గట్లనే ఉందంట."

నా వాక్యమే. అక్షరం పొల్లుపోకుండా ఎవరో సీడీనుంచి ఎత్తి పెట్టారు.

"అది తప్పు," అన్నాను.

"మీరెట్ల చెప్తరు సార్? కింద ఎడిటర్ పేరు సుత ఉన్నది. ఎవరో పెద్ద పండితుడంట."

"ఆ పేరు నాదే."

అతడు తెర వంక చూశాడు, నా వంక చూశాడు. "మరి మీరే గట్ల ఎందుకు రాసిండ్రు సార్?"

దానికి నేను జవాబు చెప్పాను. చాలాసేపు పట్టింది. మధ్యలో ఇద్దరు గిరాకీలు వచ్చి నిలబడ్డారు, అతడు వాళ్ళను ఆగమన్నాడు. అంతా విన్నాక, "కొత్తది కొట్టాలంటే టైమ్ పడతది. స్టిక్కర్ కొట్టి అతికిద్దాం. 'నా' ఒక్కటే కద సార్?" అన్నాడు.

"ఒక్కటే."

అచ్చు తీసి, కత్తిరించి, తానే స్టూలు పట్టుకొని నా వెంట వచ్చాడు. స్టూలు ఒక కాలు పొట్టిది. నేను పట్టుకొని నిలబడ్డాను, అతడు ఎక్కి అతికించాడు. ఎరుపు కొంచెం తేడా వచ్చింది. దూరంనుంచి చూస్తే ఆ ఒక్క అక్షరమే ముందు కనిపిస్తుంది. ఫ్లెక్సీ పది రోజులకు తీసేశారు. నెట్‌లో వాక్యం అలాగే ఉంది. దాన్ని ఎవరు పెట్టారో, ఎవరిని అడిగి తీయించాలో నాకు తెలియడం లేదు.

పాఠకులకు మనవి. ఈ వ్యాసంలోనూ తప్పులు ఉండే ఉంటాయి. గోదావరి మాటను చెవిన పడ్డట్టు రాశాను. ఫ్రెంచి నాకు నేటికీ రాదు, యనఓఁ అన్న రాత ఎంత సరైనదో చెప్పలేను. దీర్ఘం గురించి ఆయన చెప్పిన కారణం నాకు ఇప్పుడు సబబుగా తోస్తోంది గాని, నిర్ధారించే శక్తి నాకు లేదు. యానాం వారు, ఫ్రెంచి చదివినవారు, ఆ ఊరి పేరు గురించి ఏ కొంచెం తెలిసినా ఈ పత్రికకు రాయండి. ఆధారం కాగితమే కానక్కరలేదు. ఇంట్లో పెద్దలు చెప్పగా విన్న మాటైనా సరే, ఎవరు చెప్పారో తెలపండి, చాలు. తప్పని తేలినది ఏదైనా నా పేరుతోనే సవరించి ప్రకటిస్తాను. ఆయన గురించి నా అభిప్రాయాన్ని మాత్రం ఎవరూ దిద్దవద్దు. అది తెలిసే రాశాను.